ఏ వేలికి తిమ్మిరి? ముందు అది చెప్పండి

సంపాదకులకు,

చేతివేళ్ల తిమ్మిర్ల మీద పాఠకులు అడిగే ప్రశ్నలు పత్రికల ఆరోగ్య పేజీల్లో తరచూ కనిపిస్తుంటాయి. జవాబులు మాత్రం దాదాపు ఒకే మూసలో ఉంటాయి. నరాల బలహీనత కావచ్చు, రక్తప్రసరణ తగ్గి ఉండొచ్చు, విటమిన్ లోపమేమో చూపించుకోండి, అంతవరకూ బి కాంప్లెక్స్ మాత్ర వేసుకోండి. అడిగినవారు ఏ వేళ్లకు తిమ్మిరి వస్తోందో రాయరు. జవాబిచ్చేవారు అడగరు. ఆ ఒక్క ప్రశ్న వదిలేశాక మిగతా జవాబంతా ఊహే. చేతికి స్పర్శ ఇచ్చే ముఖ్యమైన నరాలు మూడు. వాటిలో దేని హద్దు దానిదే. తిమ్మిరి ఏ హద్దులో ఉంది, ఏ పూట వస్తోంది, చెయ్యి ఎలా పెట్టినప్పుడు వస్తోంది అన్న మూడు సంగతులు తెలిస్తే, చాలామందిలో కారణమేమిటో పరీక్షలకు ముందే ఒక అంచనాకు రావచ్చు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైనా వివరంగా రాస్తున్నాం.

ముందు భయం అక్కర్లేని తిమ్మిరి సంగతి. తల కింద చెయ్యి పెట్టుకుని పడుకున్నా, కుర్చీ వీపు మీద చెయ్యి వేలాడేసి చాలాసేపు కూర్చున్నా వేళ్లు మొద్దుబారతాయి. ఒత్తిడికి నరం నలుగుతుంది, దానికి రక్తం తెచ్చే సన్నని నాళాలు కూడా మూసుకుపోతాయి, దాంతో సంకేతాలు పంపడం మానేస్తుంది. చెయ్యి కదిపి ఒత్తిడి తీసేయగానే నరం తేరుకుంటూ తనంతట తానే సంకేతాలు గుప్పిస్తుంది. సూదులు గుచ్చినట్టు ఉండేది అప్పుడే. కొద్ది నిమిషాల్లో సర్దుకుంటుంది. ఇది జబ్బు కాదు, దీనికి మందు లేదు, అక్కర్లేదు కూడా. అవే వేళ్లకు పదేపదే రావడం, నిద్రలోంచి లేపడం, పగలు కూడా పూర్తిగా వదలకపోవడం, చేతి పట్టు తప్పడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆరా తీయాలి.

ఆ ఆరా ఉంగరపు వేలి దగ్గర మొదలుపెట్టడం మంచిది. ఎక్కువమందిలో ఈ వేలిని రెండు నరాలు పంచుకుంటాయి. బొటనవేలి వైపు ఉన్న సగం మీడియన్ నరానిది, చిటికెన వేలి వైపు ఉన్న సగం అల్నార్ నరానిది. దూదిని సన్నగా పురి తిప్పి, కళ్లు మూసుకుని, ఉంగరపు వేలికి ఒక పక్క ఒకసారి, రెండో పక్క ఒకసారి వేరొకరిచేత నెమ్మదిగా రాయించుకోండి. ఒక పక్క మామూలుగా తెలుస్తూ, రెండో పక్క మొద్దుగా ఉంటే తప్పు చేతిలోని నరంలో ఉన్నట్టు లెక్క. మెడ దగ్గర నరం నొక్కుకుంటే వేలు ఇలా నిలువునా రెండుగా చీలదు. ఖరీదైన స్కాన్ చెప్పలేని సంగతి ఒక్కోసారి ఈ దూది పురి చెబుతుంది.

బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలిలో ఒక సగం. తిమ్మిరి ఈ మూడున్నర వేళ్లలో ఉంటే మీడియన్ నరం మణికట్టు దగ్గర నొక్కుకుంటోందని ముందుగా అనుమానించాలి. చేతివేళ్ల తిమ్మిరితో వచ్చేవారిలో తరచుగా కనిపించేది ఇదే. దీన్నే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. మణికట్టు ఎముకలు కిందా పక్కలా, గట్టి లిగమెంటు పైకప్పుగా ఒక ఇరుకైన దారి ఉంటుంది. వేళ్లను ముడిచే 9 స్నాయువులు (కండను ఎముకకు కలిపే తాళ్లు), వాటితోపాటు ఈ ఒక్క నరం అందులోంచే అరచేతిలోకి వస్తాయి. స్నాయువుల చుట్టూ ఉన్న పొర కాస్త ఉబ్బినా, ఒంట్లో నీరు చేరినా, దారి పెరగదు కాబట్టి ఆ ఒత్తిడి అన్నిటికన్నా మెత్తగా ఉండే నరం మీద పడుతుంది. మణికట్టు లోపలికి మడిచినా, వెనక్కి వంచినా లోపలి ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. నిద్రలో చాలామంది మణికట్టు మడిచి పడుకుంటారు. తిమ్మిరి తెల్లవారుజామున లేపేది అందుకే. లేచి చెయ్యి విదిలించుకుంటే హాయిగా ఉంటుంది. ఈ విదిలింపు గురించి రోగి తనంతట తాను చెప్పాడంటే అది మంచి ఆధారం.

ఇక్కడో చిక్కుంది. 'అన్ని వేళ్లకూ వస్తోంది' అని చాలామంది చెబుతారు. నిద్రమత్తులో ఎవరూ వేళ్లు లెక్కపెట్టుకోరు కదా. ఈసారి మెలకువ వచ్చినప్పుడు రెండో చేత్తో చిటికెన వేలిని మాత్రం తడిమి చూసుకోండి. అది మామూలుగా ఉంటే సగం సమాధానం దొరికినట్టే. ఇంకో ఆనవాలు కూడా ఉంది. బొటనవేలి మొదట్లో, అరచేతి మీద ఉండే చర్మానికి స్పర్శ ఇచ్చే చిన్న కొమ్మ మణికట్టు కన్నా ముందే విడిపోయి, ఆ ఇరుకు దారిలోకి పోకుండా పైనుంచి వస్తుంది. కాబట్టి కార్పల్ టన్నెల్‌లో వేళ్లు మొద్దుబారినా అక్కడి చర్మం బాగానే ఉండాలి. అక్కడ కూడా స్పర్శ తగ్గితే నరం ఇంకా పైన ఎక్కడో దెబ్బతింటోందేమో చూడాలి.

పగటిపూట ఫోన్ పట్టుకున్నప్పుడు, పుస్తకం ఎత్తి చదువుతున్నప్పుడు, స్టీరింగ్ పట్టుకున్నప్పుడు తిమ్మిరెక్కుతుంది. బొత్తాలు పెట్టుకోవడం, సూదిలో దారం ఎక్కించడం కష్టమవుతుంది. చేతిలో వస్తువులు జారిపోతుంటాయి. మధుమేహం, థైరాయిడ్ తగ్గడం, రుమటాయిడ్ కీళ్లవాతం, అధిక బరువు, మణికట్టు ఎముక విరిగి అతకడం వంటివి దీనికి దోహదం చేస్తాయి. మగవారికన్నా ఆడవారిలో ఎక్కువ. గర్భిణులకు చివరి నెలల్లో వచ్చేది చాలావరకు కాన్పు తర్వాత తగ్గిపోతుంది. కంప్యూటర్ కీబోర్డును అందరూ నిందిస్తారు కానీ, దాని మీద ఉన్న ఆధారాలు అంత బలమైనవి కావు. అదిరే యంత్రాలు పట్టుకుని పనిచేయడం, బలంగా బిగించి పట్టే పని గంటల తరబడి చేయడం, వీటి మీద ఉన్న ఆధారాలు చాలా గట్టివి.

ఇంట్లో చూసుకోగల పరీక్ష ఒకటుంది. రెండు చేతుల వెనక భాగాలు ఒకదానికొకటి ఆనించి, వేళ్లు నేలవైపు ఉండేలా మణికట్లు మడిచి 60 సెకన్లు అలాగే ఉంచాలి. ఆలోగా పైన చెప్పిన వేళ్లలో తిమ్మిరి వస్తే అనుమానం బలపడుతుంది. రాకపోయినంత మాత్రాన జబ్బు లేదని కాదు, వచ్చినంత మాత్రాన ఖాయమూ కాదు. 'వచ్చిందా లేదా' అన్నదానికన్నా ఏయే వేళ్లకు వచ్చిందో గమనించడమే ముఖ్యం.

తొలిదశలో నొప్పి మాత్రలకన్నా రాత్రిపూట మణికట్టు పట్టీ బాగా పనిచేస్తుంది. కానీ దాన్ని సరిగా వాడేవారు తక్కువ. మందుల దుకాణంలో దొరికే పట్టీల్లో అరచేతి వైపు లోహపు బద్ద ఉంటుంది. చాలా పట్టీల్లో అది మణికట్టును వెనక్కి వంచేలా మలిచి ఉంటుంది. ఎముక దెబ్బలకు అది బాగానే ఉండొచ్చు. ఇక్కడ కావలసింది మాత్రం తిన్నగా ఉండే మణికట్టు. బద్దను బయటకు లాగి, బల్ల అంచున పెట్టి వంపు తీసేసి, మళ్లీ దూర్చాలి. పట్టీ వేసుకున్నాక ముంజేయి, మణికట్టు, అరచేయి ఒకే గీతలో ఉండాలి. వేళ్లు మొదళ్ల దగ్గరి నుంచి పూర్తిగా ముడవగలగాలి. పట్టీలు బిగించేస్తే అదే కొత్త ఒత్తిడి అవుతుంది. కిందికి ఒక వేలు దూరేంత వదులు ఉంచాలి. నాలుగు రాత్రులు వేసుకుని 'లాభం లేదు' అని తీసేయకూడదు. కనీసం 6 వారాలు ప్రతి రాత్రీ వేసుకున్నాకే ఒక మాట చెప్పాలి. పగలంతా వేసుకుని తిరగనక్కర్లేదు. చెయ్యి బిగుసుకుపోతుంది.

పట్టీతో తగ్గకపోతే ఆ దారిలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. కొన్ని వారాల నుంచి కొన్ని నెలల వరకు ఉపశమనం ఉంటుంది, చాలామందిలో తిరగబెడుతుంది. నొప్పి మాత్రలు, నీరు తీసే మాత్రలు, బి6 మాత్రలు ఈ నరం మీది ఒత్తిడిని తగ్గించవు. ఆపరేషన్ అంటే పైకప్పుగా ఉన్న లిగమెంటును కోసి దారిని వదులు చేయడం. సాధారణంగా ఆ చోటుకే మత్తు ఇచ్చి చేస్తారు, అదే రోజు ఇంటికి పంపిస్తారు. దీన్ని ఎంతవరకు వాయిదా వేయొచ్చు అన్నదే అసలు ప్రశ్న. వచ్చిపోయే తిమ్మిరి నుంచి ఎప్పుడూ ఉండే మొద్దుబారడానికి మారితే నరం లోపలి తంతువులు చచ్చిపోతున్నాయని అర్థం. రెండు చేతులూ వెలుతురులో పక్కపక్కన పెట్టి, బొటనవేలి మొదట్లో ఉండే కండను పక్కనుంచి చూడండి. ఒక చేతికి అది ఉబ్బెత్తుగా ఉండి, రెండో చేతికి పల్లంగా కనిపిస్తే ఆలస్యం చేసే సమయం దాటిపోయింది. ఆ దశలో ఆపరేషన్ చేస్తే తిమ్మిరి తగ్గొచ్చు కానీ, పోయిన కండ తిరిగి వస్తుందన్న హామీ లేదు.

చిటికెన వేలు, ఉంగరపు వేలిలో దానివైపు సగం తిమ్మిరెక్కితే అది అల్నార్ నరం. మోచేయి లోపలి వైపు ఎముక బొడిపె వెనక తగిలితే షాక్ కొట్టినట్టు జివ్వుమంటుందే, అక్కడ చర్మం కిందే ఉండే నరమిది. మోచేయి మడిచినకొద్దీ సాగుతుంది, దాని దారి కూడా ఇరుకవుతుంది. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అరగంట మాట్లాడేవారికి, మోచేతులు బల్లకు ఆనించి కూర్చునేవారికి, చెయ్యి ముడిచి గడ్డం కింద పెట్టుకుని నిద్రపోయేవారికి ఇది వస్తుంది. ఇదే నరం మణికట్టు దగ్గర కూడా నొక్కుకోవచ్చు. హ్యాండిల్ మీద బరువు మోపి సైకిల్ దూరాలు తొక్కేవారిలో అలా జరుగుతుంది. రెంటికీ తేడా తెలుసుకోవాలంటే అరచేతిని బోర్లా తిప్పి, చిటికెన వేలి వైపు చేతి వెనక చర్మాన్ని ముట్టుకుని చూడాలి. ఆ చర్మానికి వెళ్లే కొమ్మ మణికట్టుకు కాస్త పైనే విడిపోతుంది. అక్కడ కూడా మొద్దుగా ఉంటే తప్పు మణికట్టులో కాదు, ఇంకా పైన, ఎక్కువగా మోచేతి దగ్గర ఉంటుంది.

ఈ నరం చేతిలోని చిన్న కండరాల్లో చాలావాటిని నడిపిస్తుంది కాబట్టి తిమ్మిరికన్నా బలం తగ్గడమే ఎక్కువ నష్టం. జేబులో చెయ్యి పెట్టేటప్పుడు చిటికెన వేలు లోపలికి రాకుండా అంచుకు తగులుకుంటుంటే తేలిగ్గా తీసుకోకూడదు. ఒక కాగితాన్ని రెండు చేతుల బొటనవేళ్లకూ చూపుడు వేళ్ల పక్కభాగాలకూ మధ్య పట్టుకుని పక్కలకు లాగి చూడండి. నరం దెబ్బతిన్న వైపు కాగితం జారకుండా ఆపడానికి బొటనవేలి కొన గణుపు దానంతటదే ముడుచుకుంటుంది. రెండో వైపు వేలు తిన్నగానే ఉంటుంది. మొదట్లో చేయాల్సింది సులువే. రాత్రిళ్లు తువ్వాలును మోచేతి చుట్టూ వదులుగా చుట్టి, దాని మందం మోచేతి మడత వైపు ఉండేలా కట్టుకుంటే చెయ్యి పూర్తిగా ముడుచుకోదు. ఫోన్‌కు ఇయర్‌ఫోన్ వాడటం, మోచేతులు గట్టి బల్ల మీద ఆనించకపోవడం కూడా చికిత్సే. కండ తగ్గడం మొదలైతే మాత్రం తువ్వాలుతో సరిపెట్టకూడదు.

మూడోది రేడియల్ నరం. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య చేతి వెనకవైపు తిమ్మిరి ఉంటే చేతి గడియారం పట్టీ బిగుతుగా ఉందేమో ముందు చూసుకోండి. వదులు చేస్తే చాలావరకు తగ్గుతుంది. మణికట్టే వాలిపోయి పైకి లేవకపోతే అది పై చేతిలో నరం నలిగినట్టు, వైద్యుడికి చూపించాలి.

ఇక మెడ. మెడ ఎముకల మధ్య నుంచి బయటకొచ్చే నరాల మూలాలు నొక్కుకున్నా వేళ్లకు తిమ్మిరి వస్తుంది. ఆరో మూలమైతే బొటనవేలు, చూపుడు వేలు, ఏడోదైతే మధ్య వేలు, ఎనిమిదోదైతే చిటికెన వేలి వైపు. కార్పల్ టన్నెల్‌తో పొరబడేది ఎక్కువగా ఆరు, ఏడు మూలాల విషయంలోనే. మెడ వల్ల వచ్చేదానిలో సాధారణంగా నొప్పి ముందుంటుంది. మెడ నుంచి భుజపు రెక్క మీదుగా చేతిలోకి పోటుగా దిగుతుంది. తల పైకెత్తి ఆ వైపుకు వంచితే ఎక్కువవుతుంది. చెయ్యి ఎత్తి నెత్తి మీద పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. అలాగని చేతినొప్పి అంతా మెడదే అనుకోవడానికి లేదు. కార్పల్ టన్నెల్ నొప్పి కూడా ముంజేయి దాటి భుజం దాకా ఎగబాకుతుంది. మెడ మూలాల నొప్పి ఎక్కువమందిలో కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గుతుంది.

వేళ్లకు తిమ్మిరి అనగానే మెడ ఎంఆర్‌ఐ తీయించుకోవడం మాత్రం మాకు నచ్చని అలవాటు. నడివయసు దాటినవారిలో ఏ ఇబ్బందీ లేకపోయినా డిస్కులు ఉబ్బి, ఎముకలు అరిగి కనిపించడం మామూలే. ఆ రిపోర్టు చేతికొచ్చాక అసలు తప్పు మణికట్టులో ఉన్నా చికిత్స మెడకు జరుగుతుంది. మెడ బెల్టు, మెడను బరువులతో లాగి పట్టే ట్రాక్షన్, నెలల తరబడి మాత్రలు. ఈలోగా బొటనవేలి కండ కరిగిపోతూనే ఉంటుంది.

ఒక మినహాయింపు ఉంది, అది చాలా ముఖ్యమైనది. మెడలో వెన్నుపామే నొక్కుకుంటుంటే రెండు చేతులూ మొద్దుబారి, బొత్తాలు, తాళం చెవులు, అక్షరాలు అన్నీ తడబడతాయి. నడక బిగుసుకుంటుంది, మూత్రం ఆపుకోలేకపోతారు. నొప్పి అసలు లేకపోవచ్చు. గుప్పిట ముడిచి పూర్తిగా విప్పడం ఎంత వేగంగా వీలైతే అంత వేగంగా చేసి 10 సెకన్లలో ఎన్నిసార్లు అయిందో లెక్కపెట్టండి. మామూలుగా 20 సార్లయినా చేయగలగాలి. చాలా తక్కువ వస్తే, పైన చెప్పిన లక్షణాలు కూడా ఉంటే ఎంఆర్‌ఐ ఆలస్యం చేయకూడదు.

మధుమేహం ఉన్నవారి గురించి విడిగా చెప్పాలి. మధుమేహంతో నరాలు దెబ్బతినేటప్పుడు పొడవైన నరాల కొసలు ముందు దెబ్బతింటాయి. ఒంట్లో పొడవైన నరాలు కాలివేళ్లకు పోయేవి. కాబట్టి తిమ్మిరి పాదాల్లో మొదలై పైకి పాకుతుంది. దాదాపు మోకాళ్ల దాకా వచ్చాక గానీ చేతివేళ్ల వంతు రాదు. పాదాలు బాగా ఉండి చేతివేళ్లకే తిమ్మిరి వస్తుంటే 'షుగర్ ఉంది కదా, ఇంతే' అని సరిపెట్టుకోవడం తప్పు. మధుమేహం ఉన్నవారిలో కార్పల్ టన్నెల్ కూడా ఎక్కువే. షుగర్ ఖాతాలో రాసేసి వదిలేసే తిమ్మిర్లలో బాగుచేయగలిగినవి చాలా ఉంటాయి. మధుమేహం ఉందో లేదో తెలియనివారు పరగడుపు గ్లూకోజ్, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెర చూపే పరీక్ష) చేయించుకోవాలి. పరగడుపున డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు లేదా హెచ్‌బీఏ1సీ 6.5 శాతం, ఆపైన ఉంటే మధుమేహంగా లెక్కిస్తారు. లక్షణాలు లేనివారిలో మరో పరీక్షతో నిర్ధారించుకుంటారు.

బి12 లోపం వేరే రకం. అది వెన్నుపాము వెనక భాగాన్ని కూడా దెబ్బతీస్తుంది కాబట్టి కాళ్లతోపాటే, ఒక్కోసారి కాళ్లకన్నా ముందే, రెండు చేతులకూ తిమ్మిరి రావచ్చు. చీకట్లో నడక తూలుతుంది. జంతు సంబంధ ఆహారం అసలు తీసుకోనివారు, పొట్టకు ఆపరేషన్ అయినవారు, మెట్‌ఫార్మిన్‌ను ఏళ్ల తరబడి వాడేవారు, ఎసిడిటీ మాత్రలు ఆపకుండా వేసుకునేవారు దీన్ని దృష్టిలో పెట్టుకోవాలి. రక్తహీనత లేదు కాబట్టి బి12 లోపం లేదనుకోవడం పొరపాటు, నరాలు ముందే దెబ్బతినొచ్చు. ఇంకో ప్రమాదం ఏమిటంటే, ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడితే రక్తం మెరుగుపడి, నరాల నష్టం మాత్రం లోలోపల సాగుతుంది. సాధారణంగా రక్తంలో బి12 మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల లోపు ఉంటే లోపమంటారు. 200, 300 మధ్య ఉంటే తేల్చుకోవడానికి మిథైల్ మలోనిక్ యాసిడ్ పరీక్ష ఉంది. పరీక్షకు ముందే మాత్రలు మొదలుపెడితే అంకె పెరిగి అసలు సంగతి మరుగున పడుతుంది. నరాల లక్షణాలు ఉన్నప్పుడు ఇంజెక్షన్లతో మొదలుపెట్టడమే మేలు. తర్వాత రోజుకు 1000 మైక్రోగ్రాముల మాత్ర చాలామందికి సరిపోతుంది. పొట్టలో శోషణ సరిగా లేనివారిలో కూడా ఆ మోతాదులో సుమారు ఒక శాతం నేరుగా రక్తంలోకి చేరుతుంది.

'నరాల బలానికి' అని అమ్మే మాత్రల గురించి ఆరోగ్య పేజీలు ఒక్క ముక్కా రాయకపోవడమే మా ఫిర్యాదుల్లో పెద్దది. వాటిలో చాలావాటిలో బి6, అంటే పైరిడాక్సిన్, అవసరానికి ఎన్నో రెట్లు ఉంటుంది. పెద్దవారికి రోజుకు కావలసింది సుమారు 1.3 నుంచి 1.7 మిల్లీగ్రాములు. ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడితే బి6 స్వయంగా స్పర్శ నరాలను చంపుతుంది. చేతులూ కాళ్లూ మొద్దుబారి, కళ్లు మూసుకుంటే తూలిపోతారు. రోజుకు 200 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం స్పష్టం, అంతకన్నా తక్కువ మోతాదుల్లోనూ కేసులు నమోదయ్యాయి. అమెరికాలో పెద్దలకు గరిష్ఠ పరిమితి 100 మిల్లీగ్రాములు. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో తన పరిమితిని 12 మిల్లీగ్రాములకు దించింది. తిమ్మిరి తగ్గలేదని రోజుకు ఒకటి నుంచి రెండు మాత్రలకు పెంచేవారు ఈ సంగతి తెలుసుకోవాలి. మాత్ర అట్ట వెనక పైరిడాక్సిన్ పక్కన ఉన్న అంకె చదవండి. వేర్వేరు మాత్రల్లో ఉన్నది కలిపి లెక్కపెట్టండి. క్షయకు ఐసోనియాజిడ్ వాడుతున్నవారికి వైద్యులు బి6 ఇస్తారు. అది వేరు, దాన్ని సొంతంగా ఆపకూడదు.

మందులు తెచ్చే తిమ్మిర్లు ఇంకా ఉన్నాయి. అసిటజోలమైడ్, టోపిరమేట్ వేసుకునేవారికి వేళ్ల కొసలు చిమచిమలాడటం తెలిసిన సంగతే. నరానికి నష్టం లేదు, మందు ఆపితే పోతుంది. పాక్లిటాక్సెల్, విన్‌క్రిస్టిన్, ఆక్సాలిప్లాటిన్ వంటి కేన్సర్ మందులు అలా కాదు, నరాన్నే దెబ్బతీస్తాయి. తదుపరి మోతాదుకు ముందే వైద్యుడికి చెప్పాలి. ఆక్సాలిప్లాటిన్ తీసుకున్న రోజుల్లో చల్లటి వస్తువు పట్టుకుంటే వేళ్లు జివ్వుమంటాయి. మద్యం ఏళ్ల తరబడి తాగితే వచ్చే తిమ్మిరి కూడా పాదాల్లోనే మొదలవుతుంది. చర్మం మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ, దానితోపాటు మోచేతి దగ్గర నరం లావుగా చేతికి తగలడం ఉంటే కుష్ఠు కోసం చూపించుకోవాలి. 6 నెలలు లేదా 12 నెలల మందులతో నయమవుతుంది, దాచుకుంటే చెయ్యి వంకర పోతుంది.

వేళ్లతోపాటు పెదాల చుట్టూ కూడా తిమ్మిరి వస్తే నరం నొక్కుకోవడం కారణం కాదు. ఆందోళనతో వేగంగా ఊపిరి పీలుస్తూ ఉంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, రక్తం క్షారత పెరుగుతుంది, అందులో స్వేచ్ఛగా ఉన్న కాల్షియం తగ్గి నరాలు రేగుతాయి. వేళ్లు కొంకర్లు కూడా పోవచ్చు. నెమ్మదిగా, పొడవుగా ఊపిరి వదలడం చాలు. కాగితం సంచిలోకి ఊదమనే పాత సలహా మానేయాలి. ఆయాసానికి గుండె, ఊపిరితిత్తులు కారణమైతే అలా ఊదడం ప్రమాదం. థైరాయిడ్ ఆపరేషన్ అయిన కొద్ది రోజుల్లో ఇలాగే వస్తే నిజంగానే కాల్షియం పడిపోయి ఉండొచ్చు, అదే రోజు పరీక్ష చేయించాలి.

రక్తప్రసరణ అన్న మాట నిజంగా వర్తించే చోటు ఒకటుంది. చలికి వేళ్లు సున్నంలా తెల్లబడి, తర్వాత నీలంగా, వెచ్చబడ్డాక ఎర్రగా మారి తిమ్మిరెక్కుతుంటే అది రేనాడ్స్. రంగు మారకుండా వచ్చే తిమ్మిర్లకు రక్తనాళాలను నిందించే ముందు నరాలను చూడాలి.

ఇప్పుడు ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాల్సినవి. ఉన్నట్టుండి ఒక పక్క చెయ్యి మొద్దుబారి, మూతి వంకర పోవడం, మాట తడబడటం, కాలు బలహీనపడటం ఏదైనా తోడైతే పక్షవాతమే అనుకోవాలి. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా 4.5 గంటలే గడువు. మైగ్రేన్‌లో వచ్చే తిమ్మిరి వేళ్ల నుంచి ముఖానికి నిమిషాల మీద మెల్లగా పాకుతుంది, కానీ మొదటిసారి వచ్చినప్పుడు ఆ తేడా ఇంట్లో తేల్చుకునే సాహసం చేయొద్దు. వేళ్లూ కాలివేళ్లూ చిమచిమలాడి, రోజుల వ్యవధిలో కాళ్ల బలం తగ్గుతూ పైకి పాకితే అది గిలియన్ బారే కావచ్చు. ఊపిరి కండరాల దాకా వస్తే వెంటిలేటర్ కావాలి. విరిగిన చేతికి కట్టు వేశాక నొప్పి తగ్గకుండా పెరుగుతూ, వేళ్లు మొద్దుబారి, వేళ్లను ఎవరైనా మెల్లగా చాపితే ప్రాణం పోయినంత నొప్పి వస్తే తెల్లవారేదాకా ఆగకూడదు. కట్టు విప్పించడానికి గంటలే ఉంటాయి.

ఎడమ చిటికెన వేలికి తిమ్మిరి వస్తే గుండె అని వణికిపోయేవారు ఎక్కువ. ఛాతీలో బిగపట్టడం, చెమట, ఆయాసం, నడిస్తే ఎక్కువై ఆగితే తగ్గడం వంటివి ఉంటే వెంటనే వెళ్లాలి. అవేవీ లేకుండా, మోచేయి మడిచినప్పుడే ఒక్క వేలికి వచ్చే తిమ్మిరి చాలావరకు మోచేతిదే.

సంపాదకులకు మా విన్నపం ఒక్కటే. తిమ్మిర్ల మీద ఈసారి జవాబు వేసేటప్పుడు పక్కన ఒక చెయ్యి బొమ్మ అచ్చు వేయండి. అరచేతి వైపు ఒకటి, వెనకవైపు ఒకటి, రంగుల్లేకుండా, గీతలు మాత్రమే ఉన్నవి. పాఠకులు దాన్ని కత్తిరించి తలగడ పక్కన పెట్టుకుని, వారం రోజులు తిమ్మిరి వచ్చినప్పుడల్లా వచ్చిన మేర పెన్సిల్‌తో గీసి, పక్కన వేళ రాసుకుంటారు. వైద్యుడి ముందు ఆ కాగితం పెడితే పది నిమిషాల మాటలు ఆదా అవుతాయి.

నరంలో సంకేతం ఎంత వేగంగా పోతోందో చూసే నెర్వ్ కండక్షన్ పరీక్షకు వెళ్లేవారికి కొన్ని సూచనలు. ఆ రోజు చేతులకు నూనె, క్రీము రాయొద్దు, ఎలక్ట్రోడ్లు సరిగా అంటుకోవు. పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పండి. చిన్న చిన్న షాకులు తగులుతాయి, భరించగలిగినవే. చేతులు చల్లగా ఉంటే నరం వేగం తగ్గినట్టు తప్పుగా చూపిస్తుంది. చర్మం 32 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకూడదు. ఏసీ గదిలో గంటసేపు కూర్చోబెట్టి పిలిస్తే ముందు చేతులు వేడి చేయమని అడగండి. దెబ్బ తగిలిన మర్నాడే సూది పరీక్ష (కండరంలో సన్నని సూది గుచ్చి చూసేది) చేయించడం దండగ, కండరంలో మార్పులు తేలడానికి సుమారు 3 వారాలు పడుతుంది. తొలిదశ కార్పల్ టన్నెల్‌లో రిపోర్టు మామూలుగా రావచ్చు. అలా వస్తే లక్షణాలు అబద్ధమని ఒప్పుకోనక్కర్లేదు. రాత్రి పట్టీ కొనసాగించి, కొన్ని నెలల తర్వాత మళ్లీ చేయించండి.

ఇట్లు,
నరాల పరీక్షల విభాగంలో పనిచేసే పాఠకులు